రాగి బోరు

హోళీ రంగులు గోడల మీద ఇంకా వెలిసిపోకముందే మా పొలంలోకి రాగి బోరు వచ్చింది.

ఆ పేరు ఊరు పెట్టిందే. చలికాలంలో కంపెనీ మనుషులు మా గుట్ట చుట్టూ తిరిగి, మన్ను గుడ్డ సంచుల్లో నింపి, సంచుల మీద నంబర్లు వేసుకుని పోయారు. ఆ మన్నులో రాగి జాడ దొరికిందట. లోపల ఎంత ఉందో తెలియాలంటే రాయిని తొలిచి పైకి తీసి చూడాలట. తొలవాల్సిన చోట్లలో మొదటిది మా చెరకు పక్కన పడింది.

రాగి దొరికితే భూములు పోతాయని కొందరు, పోతే పోనీ పటాన్‌చెరులో లాగా మన దగ్గరా ధర లేస్తుందని కొందరు కల్లు దుకాణం దగ్గర రోజూ కొట్లాడుకునేవారు. మా నాయిన వెంకటేశానికి రాగితో పని లేదు. లారీ మీద తెచ్చి నిలబెట్టిన ఆ ఇనుప నిచ్చెన మీదే ఆయన కళ్ళున్నాయి. ఎవరేం చెప్పినా ఆయనకు అది బోరు మిషను.

మాకూ, మా పెద్దనాయిన యాదన్నకూ కలిపి ఒకటే బావి. తాత పోయినప్పుడు అన్నదమ్ములు భూమికి గట్టు వేసి పంచుకున్నారు. బావిని పంచలేక వంతులు పెట్టుకున్నారు. ఒకరోజు మాది, ఒకరోజు వాళ్ళది. వంతు ఎవరిదైతే ఆ రోజు నీళ్ళన్నీ వాళ్ళవే. రెండోవాళ్ళు చెంబు ముంచాలన్నా అడిగి ముంచాలి. ఆ ఎండాకాలం ఊట తగ్గిపోయి, మోటరు కాసేపు నడవగానే గాలి పీల్చేది. మా చెరకు, వాళ్ళ వరి ఆ కాసిని నీళ్ళ మీదే బతుకుతున్నాయి.

బోరు పని చూసే ఆయన పేరు బాపిరాజు. భీమవరం వైపు మనిషి, కాపురం పటాన్‌చెరు దగ్గరి రామచంద్రాపురంలో. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. మొదటి రోజే నాయినకు విప్పి చెప్పాడు.

“మేం వచ్చింది రాగి కోసమండి వెంకటేశం గారూ, నీళ్ళ కోసం కాదు. మాకే మీరు నీళ్ళివ్వాలి. రాయి కోస్తున్నంతసేపూ పోస్తూనే ఉండాలండి. లేకపోతే కోసే బిట్టు మాడిపోద్ది.”

“నీళ్ళిస్త సార్. కిరాయి గూడ వద్దు. రాయి మీరు తీస్కపోండ్రి, బోరు నాకు విడిసిపెట్టుండ్రి.”

బాపిరాజు తన మనుషుల వైపు చూసి పకపకా నవ్వాడు. “బోరు మేమెక్కడికి మోసుకుపోతామండీ! తవ్విన చోటే ఉంటది.”

అందరూ నవ్వారు. నాయిన కూడా నవ్వాడు. ఆ నవ్వునే ఆయన ఒప్పందమనుకున్నాడు.

ఆ సాయంత్రం బావి గడ్డ మీద పెద్దనాయినను కూర్చోబెట్టి మాట తీశాడు.

“నీ వంతు గూడ ఇయ్యాలె అన్నా. ఒక్క నెల.”

“పిచ్చి లేసిందా తమ్మీ? వరి పొట్టకొచ్చింది. ఇప్పుడు నీళ్ళు బంద్ జేస్తె గడ్డి మిగులుతది.”

“గడ్డే మిగలనియ్యి. వందల ఫీట్లు ఏస్తరట. గంత లోతు మనతోని అయితదా? నీళ్ళు పడ్డయంటె చెరి సగం. నీ మోటరు ఉండనే ఉండె, అదే దించుదం.”

అంతకు ముందటి ఏడాది పెద్దనాయిన వేయించిన బోరు ఎండిపోయింది. అందులోంచి తీసిన మోటరు గోనెపట్టా చుట్టుకుని వాళ్ళ మంచం కింద ఉండేది. పెద్దమ్మ ఇందిరమ్మ కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది.

“దాని ముచ్చట తియ్యకు మరిది. పండవెట్టిన పోరి లెక్క ఉన్నది. లేపితె ఏడుస్తది.”

“లేపుదం వదినా. ఈ యేడు లేపుదం.”

పెద్దనాయిన బావిలోకి వంగి చూశాడు. “చెరి సగమంటివి. మాట మాటేనా?”

“గంగమ్మ తోడు.”

మర్నాడు నాయిన ఆ మిషనుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. బోరు బండి వస్తే ఊళ్ళో అందరూ చేసేదే ఆయనా చేశాడు. బాపిరాజు కూడా చేతులు జోడించి నిలబడ్డాడు. కొబ్బరి ముక్క నమిలి, “మోటరు వేయండి, నీళ్ళు రానీయండి” అన్నాడు.

మొదట్లో బాగానే సాగింది. పోసిన నీళ్ళు రాతిపొడి కలుపుకుని తెల్లటి బురదై పైకి వచ్చేవి. గుంటలో తేరుకున్నాక అవే మళ్ళీ లోపలికి పోసేవారు. తర్వాత ఒకరోజు పోసిన నీళ్ళు పోసినట్టే పోయాయి. పైకి చుక్క రాలేదు.

“రిటర్న్ లేదురా,” అన్నాడు బాపిరాజు. ఆ రోజు ఆయన నవ్వలేదు. “పగులు తగిలింది. ఇక ఎన్ని పోసినా తాగేస్తది.”

ఆ మాట చెవిన పడగానే నాయిన చెప్పులు కూడా తొడుక్కోకుండా ఇంటికి ఉరికి వచ్చాడు.

“నర్సిమ్మా, పగులు దొరికిందే! నీళ్ళు గుంజుకుంటున్నదంటె లోపట తొవ్వ ఉన్నట్టే గద. తొవ్వ ఉన్నకాడ ఊట ఉండదా?”

అమ్మ రొట్టె తిప్పడం మరిచిపోయి ఆయన ముఖమే చూసింది. నాయిన ఒక్కడే కాదు, ఊరంతా అదే అన్నది. బోరు వేయించిన ప్రతి ఇంట్లోనూ గట్టి రాయంటే ఏడుపు, పగులు రాయంటే పండగ. అందుకే బావిని ఊడ్చి ఊడ్చి ఆ పగులులో పోశారు. మా వంతుది పోశారు, పెద్దనాయిన వంతుది పోశారు. చెరకు ఆకులు చుట్టుకుపోయాయి. వరి కంకులు బయటికొస్తూనే తెల్లబడ్డాయి.

ఒక పొద్దున పెద్దమ్మ గుప్పెడు తాలు కంకులు తెచ్చి మా గడపలో పడేసింది.

“ఇగో నర్సిమ్మా, నీ మొగడు నాకు పండిచ్చిన బంగారం. మంచిగ దంచి నీ బిడ్డకు బువ్వ వండిపెట్టు.”

“ఇంకొన్ని దినాలు అక్కా.”

“దినాలకేం, నాకు గూడ పెడుతరు.”

అమ్మ ఆ కంకులు ఏరి బర్రెకు వేసింది. బర్రె మూతి తిప్పుకుంది.

నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లోనే ఉన్నాను. బోరు దగ్గరికి రోజూ చల్ల తీసుకుపోయే పని నాదే. పరాయి మగవాళ్ళ ముందు నాకు నోరు పెగిలేది కాదు. చల్ల గిన్నె కింద పెట్టి, తల వంచుకుని వచ్చేసేదాన్ని.

“మీ అమ్మాయికి మాటలు రావాండీ?” అని బాపిరాజు అడిగితే నాయిన, “అండాలుకు మస్తు మాటలొస్తయి సార్, ఇంట్లనే” అని నవ్వేవాడు.

ఒకరోజు నేను వెళ్ళేసరికి రాళ్ళు చదివే సారు నరసింహమూర్తి జీపులో వచ్చి ఉన్నాడు. తొలిచి తీసిన రాయి గుండ్రటి కడ్డీలుగా పెట్టెల్లో పేర్చి ఉంది. ఆయన ఒక్కొక్క పెట్టె మీద మగ్గుతో నీళ్ళు గుమ్మరించి, తడిలో రాయి రంగు చూస్తున్నాడు. ఒక ముక్కను నాలుకతో కూడా తడి చేసుకుని భూతద్దం పెట్టాడు. నన్ను చూసి దగ్గరికి పిలిచాడు.

“రాగి అంటే బిందెలూ చెంబులూ దొరుకుతాయనుకున్నారా మీ ఊళ్ళో? ఇదుగో, ఇట్లాంటి రాయిలో ఆవాలు చల్లినట్టు ఉంటుందమ్మా. గుట్టంత రాయిని పిండి చేస్తేనే బండెడు రాగి.” ఆ ముక్క నా చేతిలో పెట్టాడు. నున్నగా, చల్లగా, మా రొట్టెల కర్రంత లావు ఉంది. పసుపుపచ్చ చుక్కలు మెరుస్తున్నాయి. “ఇవి రాగి కాదు. ఊరికే మెరుస్తాయి.”

తర్వాత బాపిరాజు వైపు తిరిగి, “ఏమీ లేదండీ ఇక్కడ. ఈ వారం ఆపేసి తర్వాతి చోటుకు పోదాం” అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడంటే నాకు మొదట అర్థం కాలేదు. పెట్టెల మీద పోసిన నీళ్ళు కింద మట్టిలోకి కారుతున్నాయి. ఆ రోజు బావి వంతు పెద్దనాయినది.

ఇంటికొచ్చి, అన్నం తింటున్న నాయినకు చెప్పాను. “రాయి సన్నగున్నది నాయినా. రొట్టెల కర్రంతనే. మోటరు పడుతదా?”

“పైన పైపు సూడలేదా బిడ్డా? నేను మోటరుకు దారం సుట్టి, దానికి సుట్టి కొలిసిన. వదులుగ దిగుతది. పెద్దోళ్ళకు తెల్వకనా?”

అమ్మ నావైపు చూసి ఊరుకోమన్నట్టు తల ఊపింది. నాయిన చెప్పింది నిజమే. నేల మీదికి కనిపించే ఇనుప పైపు లావుగానే ఉంది.

పని ముగిసిన రోజున నాయిన ఆ పైపులోకి చిన్న రాయి జారవిడిచాడు. అందరం పైపు మీదికి వంగాం. చాలాసేపటికి, ఎక్కడో అడుగున, డుబుక్కుమంది. పెద్దనాయిన పెద్ద గొంతుతో నవ్వి నాయినను నడుం పట్టి ఎత్తేశాడు. వాళ్ళిద్దరూ అట్లా ఒకరినొకరు ముట్టుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

“పైపులు మేం తీసేసుకోవాలండి, ఇంకో చోటికి కావాలి,” అన్నాడు బాపిరాజు.

“ఒక్క పూట ఆగు సార్. మోటరు దించి సూసుకుంటం.”

ఆయన మోటరు వైపు చూశాడు. ఏదో అనబోయి, “మీ ఇష్టమండి” అని లారీ నీడలోకి పోయి కూర్చున్నాడు.

మూడు దుంగలు పాతి గొలుసు కట్టారు. పెద్దమ్మ మోటరుకు పసుపు రాసింది. ఊరు సగం పొలంలోనే ఉంది. మోటరు పని తెలిసిన ఎల్లయ్య గొలుసు వదులుతుంటే అన్నదమ్ములిద్దరూ చెరో పక్క పట్టుకున్నారు. మొదటి పైపు దిగింది. దానికి ఇంకొకటి బిగించారు. అదీ దిగింది. మూడోది సగం దిగాక గొలుసు వదులైంది.

“కూసున్నది,” అన్నాడు ఎల్లయ్య.

లేపి మళ్ళీ దించారు. మళ్ళీ అక్కడే కూర్చుంది. నీళ్ళు ఇంకా ఎంతో కిందున్నాయి. నాయిన మెల్లగా బాపిరాజు వైపు తిరిగాడు.

“పైన మన్ను కూలకుండా ఆ లావు పైపు వేస్తామండి,” అన్నాడు బాపిరాజు, లేచి దులుపుకుంటూ. “గట్టి రాయి తగిలాక ఇక సన్నదే. కింద మొత్తం మూడంగుళాలు కూడా ఉండదు.”

“మరి ముందుగాల జెప్పొద్దా సార్?”

“మీరు అడగలేదు కదండీ.”

గుంపులోంచి ఎవరో అరిచారు. “వెంకటేశం! మోటరుకు రెండు శనివారాలు ఒక్కపొద్దు పట్టియ్యి, బక్కగైతది!”

ఊరంతా గొల్లుమంది. నాయిన మెడ నరాలు ఉబ్బడం నాకు కనిపించింది. పెద్దనాయిన మాత్రం నవ్వలేదు. “నా వరి పాయె గద తమ్మీ” అన్నాడు, ఎవరికీ వినబడనంత మెల్లగా.

అప్పుడు ఎల్లయ్యే ఒక మాట అన్నాడు. “సన్న బోరుకు కంప్రెషర్ ఉంటది. వేలంత లావు పైపు పోతె సాలు. గాలి గొట్టి నీళ్ళు పైకి లేపుతది. సంగారెడ్డిల కిరాయికిస్తరు.”

నాయిన ముఖంలోకి మళ్ళీ రక్తం వచ్చింది. పెద్దనాయిన కూడా ఒక అడుగు ముందుకు వేశాడు. “అయితె పొద్దుగాల ఇద్దరం పోదం తమ్మీ. చెరి సగం వేసుకుందం.”

అంతమంది నవ్వు మీద పడ్డాక నాయినకు ఎవరి మీదో ఒకరి మీద విసరాలనిపించిందేమో.

“చెరి సగం నీ మోటరుతోని అనుకున్నం. నీ మోటరు అక్కెరకు రాకపాయె. ఇగ నీకు సగమేంది? బోరు నా పొలంల ఉన్నది.”

నవ్వులు ఆగిపోయాయి. పెద్దనాయిన గొలుసు అందుకున్నాడు. మోటరును పైకి లాగి, విప్పి, తాడు చుట్ట చుట్టుకుని, మోటరును భుజాన వేసుకుని పోయాడు. పెద్దమ్మ వెనక నడుస్తూ రెండుసార్లు తిరిగి చూసింది.

తెల్లవారి నాయిన మొదటి బస్సుకే సంగారెడ్డి పోయాడు. “పొద్దుగూకె వరకు వస్త. ఎవ్వల్నీ బోరు కాడికి రానియ్యకుండ్రి” అన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి బాపిరాజు మనుషులు పైపులు పీకడం మొదలుపెట్టారు. నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. పైపులన్నీ లారీకెక్కాక సిమెంటు బస్తాలు దించారు. కంపెనీ రూలట. తవ్విన బోరును సిమెంటుతో మూసి, నంబరు వేసి పోవాలట.

నేను ఎట్లా లేచానో, ఎట్లా పోయానో తెలియదు. బాపిరాజు ఎదుట నిలబడి ఉన్నాను.

“సార్, మా నాయిన కంప్రెషర్ తెస్తుండు. పొద్దుగూకె వరకు జెర ఆగుండ్రి.”

“అమ్మో, మాట్లాడింది!” అన్నాడు ఆయన. కానీ వెంటనే ముఖం మార్చుకున్నాడు. “నా చేతిలో లేదమ్మా. లారీ మూడింటికి కదలాలి.” కాళ్ళ దగ్గరున్న ఖాళీ డ్రమ్మును బూటుతో తట్టాడు. “అయితే సిమెంటు కలపడానికి నీళ్ళు కావాలి. అప్పటిదాకా నీళ్ళు దొరకలేదనుకో, నేనేం చేస్తాను? దొరకలేదని చెప్పి వెళ్ళిపోతాను. మళ్ళీ వచ్చేసరికి పది రోజులైనా పట్టొచ్చు.”

ఆయన ఎటో చూస్తూ అన్నాడా మాట. నేను ఇంటికి పరుగెత్తాను.

సంగతి వినగానే అమ్మ లేచింది. ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ, తాగే బిందెతో సహా, బర్రె తొట్టిలో గుమ్మరించి బర్రెను విడిచింది. బాపిరాజు మనిషి బకెట్టు పట్టుకుని వస్తే, “గొంతు తడుపుకుందమన్న లెవ్వు బిడ్డా” అని ఖాళీ బిందె వంచి చూపించింది. ఆ తర్వాత ఇద్దరం పోయి బోరు పక్కన కూర్చున్నాం.

పనివాళ్ళు లారీ కింద నడుం వాల్చారు. బాపిరాజు గడియారం చూసుకుంటున్నాడు. అమ్మ పెదవులు ఎండి చీలాయి. నావీ అంతే. అయినా ఇద్దరం లోపల్లోపల సంతోషంగానే ఉన్నాం.

బావి వైపు నుంచి పెద్దనాయిన వస్తున్నాడు. భుజం మీద కావడి, రెండు వైపులా నిండు బిందెలు. తొణకకుండా మెల్లగా నడుస్తున్నాడు. మోటరు అందుకోలేని నీళ్ళు అవి. మెట్లు దిగి, బావి అడుగున కూర్చుని, చెంబుతో ఎత్తి పోసుకుని ఉంటాడు.

అమ్మ లేచింది. “బావా.”

పెద్దనాయిన చూడలేదు.

“బావా, ఆయిన వస్తుండు బావా. తొవ్వల ఉన్నడు.”

కావడి బాపిరాజు ముందు దించాడు. “ఇయ్యాల వంతు నాది సార్. కలుపుకోండ్రి.”

బాపిరాజు మా వైపు ఒకసారి, పెద్దనాయిన వైపు ఒకసారి చూశాడు. “ఇవి చాలవేమోనండీ” అన్నాడు. అదే ఆయన చేయగలిగిన సాయం.

“సాలకుంటె ఇంకో కావడి తెస్త.”

తెచ్చాడు. ఆ తర్వాత ఇంకొకటి కూడా తెచ్చాడు. గట్టు మీద పెద్దమ్మ కొంగు నెత్తిన కప్పుకుని నిలబడి ఉంది. సిమెంటు బూడిదరంగు అంబలిలా లోపలికి జారుతుంటే, అడుగు నుంచి గుటకలు వేసినట్టు చప్పుడు వచ్చింది. కొంతసేపటికి ఆ చప్పుడూ ఆగింది. పైన నున్నగా పూసి, మేకుతో నంబరు గీశారు. లారీ పోయింది.

పొద్దు వాలుతుండగా ట్రాక్టరు వచ్చింది. నాయిన మడ్గార్డు మీద నిలబడి, తువ్వాల ఊపుతూ దూరం నుంచే అరుస్తున్నాడు. వెనక కంప్రెషర్ ఊగుతూ వస్తోంది. మేమిద్దరం కదలకపోవడం చూసి అరవడం ఆపేశాడు.

దిగి వచ్చి సిమెంటు మీద వేలు పెట్టాడు. వేలు దిగింది. ఇంకా పచ్చిగానే ఉంది. మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో తోడి పారేయడం మొదలుపెట్టాడు. కాసేపటికి రెండు చేతులు పట్టలేదు. పక్కకు పడుకుని ఒక్క చేత్తో తోడాడు. మోచేయి దాకా పోయింది. భుజం దాకా పోయింది. చెంప నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని, ఇంకా కిందికి వెతికాడు. అంతకన్నా పొడుగు చేయి ఆయనకు లేదు.

లేచి కూర్చున్నాక అడిగాడు. “నీళ్ళు యాడియి వీళ్ళకు?”

పెద్దనాయిన బావి గడ్డ మీద ఖాళీ బిందెలు తోముకుంటున్నాడు. నాయిన అటు చూశాడు.

ఆ చెరకును మేం పొయ్యి కింద పెట్టుకున్నాం. వానలకు ముందే నాయిన పటాన్‌చెరు కంపెనీలో బస్తాలు మోసే పనికి కుదిరాడు. అదంతా తర్వాత. ఆ సాయంత్రం మాత్రం ట్రాక్టరు పోయాక, నాయిన చేతుల మీద సిమెంటు బిగుసుకుంటోంది. చర్మం మండుతోందని ఆయన వేళ్ళు చాపి పట్టుకోవడం చూస్తే తెలుస్తోంది. ఇంట్లో చుక్క లేదు.

“నేను పోయి బావను అడుగుత,” అన్నది అమ్మ. “ఒక్క చెంబెడు.”

“వద్దు.”

“సర్మం కాలుతది.”

“కాలనియ్యి.”

అమ్మ కొడవలి మొనతో గీకింది. సిమెంటు పెచ్చులుగా లేచింది, కింద చర్మాన్ని పట్టుకుని లేచింది. నాయిన రెండో చేయి చాపాడు. బావి గడ్డ మీద పెద్దనాయిన తోమిన బిందె నీళ్ళతో నింపి, చూస్తూ కూర్చున్నాడు. అడిగితే ఇచ్చేవాడే. ఎవ్వరం అడగలేదు. చీకటి పడ్డాక ఆయన ఆ బిందెను తిరిగి బావిలోకి వంచి ఇంటికి పోయాడు.